ఎదురింటి కిటికీలో టమాటా నారు

ఫిబ్రవరి వచ్చిందంటే రుఫీనా మత్వేయెవ్నా ఇంట్లో మనిషి కూర్చోవడానికి చోటుండదు. కిటికీ గట్ల మీద టమాటా నారు, ఇస్త్రీబల్ల మీద వంకాయ నారు, కుట్టుమిషను మూత మీద బుట్టమిరప నారు. పెరుగు కప్పులు, సగానికి కోసిన పాల డబ్బాలు, చిల్లులు పొడిచిన రేకు డబ్బాలు, ఏది దొరికితే అందులో మట్టి. ఆమె భర్త ప్రోఖర్ టీ గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడే తాగుతాడు. పెడదామంటే బల్ల మీద జాగా ఉండదు.

"రుఫా, నన్ను కూడా ఓ కప్పులో నాటెయ్యి. కనీసం రోజుకు రెండుసార్లయినా నా వైపు చూస్తావు" అంటాడు.

"నిన్ను నాటితే మే నెల్లో కొనేవాడెవడు?" అంటుంది ఆమె, తల తిప్పకుండానే.

సైబీరియాలోని మినుసిన్స్క్‌లో చలికాలం నారు పొయ్యని ఇల్లు లేదు. కానీ అమ్మేంత నారు పోసేవాళ్లు కొందరే. వాళ్లలో రుఫీనాది మొదటి పేరు. బజారులో ఆమె బల్ల దగ్గర నిలబడ్డవాళ్లు మొక్క ఆకులు తిప్పి చూడరు, వేళ్లు చూపించమని అడగరు. రుఫీనా ఏది చెప్పిందో అదే కాస్తుందని ఊరందరికీ నమ్మకం.

ఆ నమ్మకం ఒక్క రోజులో వచ్చింది కాదు. ఆమె ఇరవై ఆరేళ్లు కర్మాగారంలో క్రేన్ నడిపింది. కప్పు కింద వేలాడే చిన్న గది, చుట్టూ అద్దాలు, కిందనుంచి ఎగదన్నే వేడి. పెళ్లయిన కొత్తలో హాస్టలు గదిలో ఎండ పడేది కాదు. ఒకరోజు రెండు డబ్బాల నారు సంచిలో పెట్టుకుని నిచ్చెనెక్కి క్రేన్ గదిలో పెట్టుకుంది. పది రోజుల్లో అవి బొటనవేలంత లావు కాడలతో లేచాయి. మూడో ఏటికల్లా ఆ గదిలో ఆమె మోకాళ్లకూ మీటలకూ మధ్య ఖాళీ ఉండేది కాదు. కింద ఇనుప దిమ్మెలు కట్టేవాళ్లు "రుఫీనా! ముందు టమాటాలకు నీళ్లు పొయ్యి, తర్వాతే మా దిమ్మె లేపుదువుగాని" అని కేకలేసేవాళ్లు. ఇన్‌స్పెక్టరు ఒకసారి నిచ్చెనెక్కి వచ్చి, తిట్టడానికి నోరు తెరిచి, చివరికి తన తోటకి ఆరు మొక్కలు అడిగి పట్టుకెళ్లాడు.

పింఛను వచ్చాక ఆ పనంతా మూడు గదుల ఫ్లాటులోకి దిగింది. గింజల్ని తడిగుడ్డలో మూటగట్టి మూడురోజులు రవికెలో పెట్టుకుని తిరిగేది. ఒంటి వేడికి అవి నోరు తెరుస్తాయి. మంచు కరిగించిన నీళ్లే పోసేది. రెండాకులు విచ్చగానే ఒక్కొక్క మొక్కనూ అగ్గిపుల్లతో లేవదీసి వేరే కప్పులోకి మార్చేది. అప్పుడు మాత్రం ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు.

అయితే, ఆమె నారు కొని మోసపోయామన్నవాళ్లు ఊరు మొత్తమ్మీద ఒక్కరున్నారు. ఆ ఒక్కరూ సరిగ్గా ఎదురు భవనంలోనే ఉన్నారు.

ఆమె పేరు కపితలీనా యెగోరొవ్నా. బడిలో భూగోళం చెప్పి పింఛను తీసుకున్న మనిషి. ఏడేళ్ల కిందట రుఫీనా దగ్గర ఇరవై బుట్టమిరప మొక్కలు కొంది. ఆగస్టులో ఆమె భర్త అర్సేనీకి అరవై నిండాయి. ఊరి బయట తమ తోటలో కాసిన మిరపకాయల్లో మాంసం, అన్నం కూరి పెద్ద గిన్నెడు వండి ముప్ఫై మంది చుట్టాల ముందు పెట్టింది. అవి బుట్టమిరపలు కావు. నాలుక కాల్చేసే జాతి. బావగారు కేక పెట్టి లేచాడు. అర్సేనీ పాత అధికారి ఒకాయన పూలజాడీలో పూలు పక్కకు పెట్టి ఆ నీళ్లు తాగేశాడు. పిల్లనివ్వబోతున్న వియ్యపురాలు కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆవిడ మళ్లీ ఆ గడప తొక్కడానికి ఏడాది పట్టింది.

మర్నాడు కపితలీనా వచ్చి తలుపు కొట్టింది.

"ఏం మొక్కలమ్మా అవి?" అంది.

"గింజల పొట్లంలోనే తప్పు పడుంటుందండీ. పొట్లం మీదేమో తియ్యమిరప అనే ఉంది" అంది రుఫీనా.

కపితలీనా ఆమె మొహంలోకి కాసేపు చూసి వెళ్లిపోయింది. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. పాలదుకాణంలో ఎదురుపడితే ఒకరు రొట్టెల వైపు తిరుగుతారు, ఒకరు సబ్బుల వైపు. ఆ తర్వాత రుఫీనా ఇంట్లోకి కారం మిరప గింజ అడుగుపెట్టలేదు.

అది జరిగిన ఏడో ఏడు ఫిబ్రవరి ఆఖర్లో, పెద్ద ఉపవాసాలకు ముందు అట్లు పోసుకుతినే ప్యాన్‌కేకుల వారం గురువారం నాడు, బయట సున్నాకి దిగువ ముప్ఫైమూడు డిగ్రీలు ఉండగా, రుఫీనా వాళ్ల భవనం నేలమాళిగలో ఇళ్లను వెచ్చబెట్టే వేడినీళ్ల గొట్టం పగిలింది. పొద్దున తొమ్మిదింటికి గోడ పక్కన వేడి గొట్టాలు గోరువెచ్చగా ఉన్నాయి. పదింటికి చల్లబడ్డాయి. పదకొండింటికి కిటికీ అద్దం లోపలివైపు కూడా మంచు పూలు పూయడం మొదలైంది. నేలమాళిగలోంచి బాగుచేసేవాడు తల బయటపెట్టి "శనివారం దాకా ఆశ పెట్టుకోకండి" అన్నాడు. ఇంటింటా కరెంటు పొయ్యిలు పెట్టారు. అవన్నీ ఒకేసారి పెట్టేసరికి ఫ్యూజులు కాలిపోయాయి.

రుఫీనా నాలుగొందల పైచిలుకు కప్పుల మధ్య నిలబడింది. టమాటాలకి మొలకాకుల మధ్యనుంచి అప్పుడప్పుడే అసలాకు వస్తోంది. గదిలో థర్మామీటరు పన్నెండు చూపిస్తోంది.

"సాయంత్రానికి అయిదు. రాత్రికి సున్నా" అంది.

"వంటగదిలో గ్యాసు వెలిగిద్దాం. దుప్పట్లు కడదాం" అన్నాడు ప్రోఖర్.

"నాలుగొందల కప్పులు వంటగదిలో ఎక్కడ పెడతావు, నీ నెత్తి మీదా?"

ఆమె కిటికీ అద్దం మీద మంచు గోకి బయటికి చూసింది. ఎదురు భవనానికి వేరే గొట్టం. అన్ని కిటికీల్లోంచీ ఆవిరి కనబడుతోంది. మూడో అంతస్తు మూల ఫ్లాటుకి తూర్పునా దక్షిణానా రెండు వైపులా ఎండ. ఆరు కిటికీ గట్లు. వాటి మీద ఒక్క కప్పు కూడా లేదు. ఏళ్ల తరబడి ఆ ఖాళీ గట్లు చూసి రుఫీనాకి కడుపు మండేది. అంత ఎండ వృథాగా పోతోందే అని. ఆ ఫ్లాటు కపితలీనాది. రెండేళ్ల కిందట అర్సేనీ పోయాక ఒక్కతే ఉంటోంది.

రుఫీనా ఉన్ని బూట్లు తొడుక్కుంది.

"ఎక్కడికే?" అన్నాడు ప్రోఖర్.

"తిట్లు తినడానికి."

మూడంతస్తులు ఎక్కేలోపు చెప్పాల్సిన మాటలన్నీ నాలుగుసార్లు మార్చుకుంది. తలుపు తెరుచుకునేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. కపితలీనా చేతిలో పిండి గరిటె ఉంది. లోపల వెన్న కాగుతున్న వాసన.

"కపితలీనా యెగోరొవ్నా, మా గొట్టం పగిలింది. నారు చచ్చిపోతోంది" అంది రుఫీనా.

కపితలీనా గరిటె కిందికి దించింది. "ఎన్ని?"

"నాలుగొందల పన్నెండు."

"ఇందులో మిరప ఉందా?"

రుఫీనా మొహం వేడెక్కింది. "ఉందండీ. అరవై. తియ్యనివే."

"తియ్యనివే" అని కపితలీనా ఆ మాటని నోట్లో కాసేపు నానబెట్టింది. తర్వాత లోపలికి తిరిగి గ్యాసు కట్టేసింది. "అలా నిలబడితే ఎలా? నాకు పాత టీవీ అట్టపెట్టె ఉంది. వేడినీళ్ల సంచులు మూడున్నాయి. మీ ఇంట్లో ఎన్ని?"

అలా మొదలైంది తరలింపు. రెండు భవనాల మధ్య అరవై అడుగులు. ఆ చలిలో లేత మొక్కకి అరవై అడుగులంటే చావే. అట్టపెట్టె అడుగున వేడినీళ్ల సంచి, దాని మీద పలక, పలక మీద కప్పులు, పైన బొంత, బొంత మీద ప్రోఖర్ గొర్రెతోలు కోటు. పిల్లల మంచుబండి మీద పెట్టి ప్రోఖర్ లాగుతుంటే రుఫీనా బొంత అంచులు పట్టుకుని పక్కన పరుగెత్తింది. ఇరుగుపొరుగు వాళ్లు కూడా చలిలో ఊరికే కూర్చోలేక దిగివచ్చారు. ఒకావిడ మనవరాలి తోపుడు బండి తెచ్చింది. ఎవరో నాలుగు వంకాయ కప్పులు తన కోటు లోపల గుండెకి ఆనించుకుని, గర్భిణిలాగా ఆచితూచి నడుచుకుంటూ వచ్చారు.

"ప్రోఖర్, మెల్లిగా! బండి కుదుపుతున్నావు!" అని అరిచింది రుఫీనా.

"నలభై ఏళ్లు లారీ నడిపాను. గాజుసామాను మోశాను, గుడ్లు మోశాను. ఒక్కడూ ఇలా తిట్టలేదే నన్ను!"

పైన తలుపు దగ్గర కపితలీనా నిలబడి, ఎప్పుడో బడిపిల్లల్ని వరసలో నిలబెట్టినట్టు పెట్టెల్ని నిలబెట్టింది. "ఇవి తూర్పు కిటికీకి. బూట్లు విప్పి రండి. అవి పియానో మీదికి. ఫర్వాలేదు, అదెవరూ వాయించరు." మధ్యాహ్నం మూడింటికి అన్నీ చేరాయి. పదకొండు వంకాయలు మాత్రం దారిలో చలి తగిలి వాలిపోయాయి. మిగతావి ఎండలో తేరుకున్నాయి. ప్యాన్‌కేకుల పిండి ఎలాగూ కలిపే ఉంది గనక, కపితలీనా బండి లాగినవాళ్లందరికీ వేసి పెట్టింది. ప్రోఖర్ పధ్నాలుగు తిన్నాడు. కూర్చుని, బల్ల మీద గ్లాసు పెట్టుకుని తిన్నాడు.

సాయంత్రం కప్పులు సర్దుతుండగా రుఫీనా చెయ్యి ఆగిపోయింది. ప్రతి పది కప్పులకీ ఒక అంటుపట్టీ మీద స్కెచ్ పెన్నుతో రకం పేరు రాసి అంటించింది. బొంతల కింద వేడినీళ్ల ఆవిరికి పట్టీలన్నీ తడిసి, సిరా కారిపోయి నీలం మరకలయ్యాయి. ఎద్దుగుండె రకం ఏదో, పసుపుదేదో, నల్లదేదో, ఉప్పులో వేసుకునే చిన్నకాయ ఏదో దేవుడికే తెలియాలి. మిరప, వంకాయ ఆకుని బట్టి తెలిసిపోతాయి. టమాటా అలా కాదు. తొమ్మిది రకాలు, మూడొందల చిల్లర మొక్కలు. అన్నీ అప్పచెల్లెళ్లలా ఒకేలా నిలబడ్డాయి.

అక్కడ ఆమె ఎవరితోనూ అనలేదు. ఇంటికెళ్లాక ప్రోఖర్‌తో అంది.

"దానికెందుకే అంత బెంగ? ఏదో ఒకటి రాసెయ్యి. ఆగస్టు దాకా ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు అతను, కోటు వేసుకునే దుప్పట్లో దూరుతూ.

ఆగస్టులో తెలిస్తే ఎలా ఉంటుందో రుఫీనాకి బాగా తెలుసు.

శనివారానికి గొట్టం బాగుపడింది. కానీ మొక్కల్ని మళ్లీ ఆ చలిలో తిప్పలేరు. "ఉండనివ్వండి. వాటికి ఇక్కడ అలవాటైంది" అంది కపితలీనా. ఆదివారం రుఫీనా నీళ్లు పొయ్యడానికి వెళ్లింది. ప్యాన్‌కేకుల వారానికి అది ఆఖరిరోజు, క్షమాపణల ఆదివారం. ఆ రోజు మెట్ల మీద ఎదురైనవాళ్లంతా ఒకరినొకరు "క్షమించండి" అనుకుంటారు, "దేవుడు క్షమిస్తాడు" అని జవాబిస్తారు, చేతులు ఊపుకుంటూ వెళ్లిపోతారు. దేనికని ఎవరూ అడగరు.

రుఫీనా నీళ్ల డబ్బా కింద పెట్టింది.

"కపితలీనా యెగోరొవ్నా, నన్ను క్షమించండి."

"దేవుడు క్షమిస్తాడు. మీరూ నన్ను క్షమించండి" అంది ఆవిడ, అలవాటుగా, చేతిలో పత్రిక తిప్పుతూ.

"కాదు. దేనికో చెప్పనివ్వండి. ఆ మిరప మొక్కలు. పొట్లంలో తప్పేం లేదు. ఆ ఏడు మా పిల్లి నారు పెట్టిన పీటని పడేసింది. తియ్యనివీ కారపువీ కలిసిపోయాయి. ఏవి ఏవో నాకు తెలీదు. ఊహించి పేరు పెట్టాను. ఒక్క రోజు 'తెలీదు' అనడానికి సిగ్గేసింది నాకు. బజారులో రుఫీనా 'తెలీదు' అనడమేంటని."

కపితలీనా కళ్లజోడు తీసి పత్రిక మీద పెట్టింది.

"నాకు తెలుసు" అంది.

"ఎలా?"

"ముప్ఫై నాలుగేళ్లు పిల్లల్ని చూశానమ్మా. 'నా పుస్తకం కుక్క చింపేసింది టీచర్' అన్నప్పుడు వాళ్ల చెవులు ఎలా ఎర్రబడతాయో, ఆ రోజు మీ చెవులూ అలాగే ఎర్రబడ్డాయి. నాకు కోపం మిరపకాయల మీద కాదు. మీరు నా మొహం మీద అబద్ధం చెప్పారని." ఆగి, పెదాలు బిగపట్టింది. ఆ బిగింపు నిలవలేదు. భుజాలు ఊగడం మొదలెట్టాయి. "అర్సేనీ మూడు తిన్నాడు తెలుసా? కళ్లమ్మట నీళ్లు కారుతుంటే ఇంకా పెట్టమన్నాడు. 'అరవయ్యేళ్ల పుట్టినరోజుల్లో ఇంత గుర్తుండేది ఎవడికీ జరగదు' అన్నాడు. పోయే ముందు నెల కూడా తల్చుకుని నవ్వాడు, మా బావగారు లేచి ఉరికిన తీరు. నేనే... మీతో మాట్లాడకూడదని పట్టుపట్టాను గనక, అదంతా మీతో చెప్పుకోలేకపోయాను."

ఇద్దరూ టమాటాల మధ్య కూర్చుని నవ్వారు. మధ్యలో ఒకసారి ఇద్దరిలో ఎవరో ఏడ్చారు కూడా. ఎవరన్నది తర్వాత ఇద్దరూ ఒప్పుకోలేదు. అప్పుడే రుఫీనా తడిసిపోయిన పట్టీల సంగతి కూడా చెప్పేసింది.

"అయితే ఈసారి ఏం రాస్తావు?" అంది కపితలీనా. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిందని ఇద్దరూ గమనించారు, ఎవరూ పైకి అనలేదు.

"తెలీదని రాస్తాను" అంది రుఫీనా.

మార్చి, ఏప్రిల్ అంతా ఆమె రోజుకు రెండు పూటలా ఆ మూడంతస్తులూ ఎక్కింది. మొక్కలు ఆ రెండువైపుల ఎండకి పొట్టిగా, గట్టిగా, నలుపు తిరిగిన ఆకుపచ్చతో పెరిగాయి. తన ఇంట్లో ఎప్పుడూ అలా రాలేదని రుఫీనా లోలోపల ఒప్పుకుంది. కపితలీనా కొత్తగా నారు పని నేర్చుకుంటూ ప్రతిదానికీ ప్రశ్నలు వేసేది.

"కాడ ఇలా పక్కకి వాలిందేం?"

"నువ్వు రోజూ వాటి ముందు వార్తలు చదువుతున్నావుగా, విసుగొచ్చి ఉంటుంది."

మే ఇరవయ్యో తారీకు దాటాక, రాత్రి మంచు భయం కాస్త తగ్గాక, బజారు నిండింది. రుఫీనా బల్ల ముందు అట్టముక్క మీద కపితలీనా బడిబోర్డు అక్షరాలతో ఇలా రాసిపెట్టింది: "టమాటా. గట్టి మొక్క. రకం తెలియదు. ఎరుపో పసుపో ఆగస్టులో తెలుస్తుంది."

పక్క బల్ల వెరోనికా చదివి పగలబడి నవ్వింది. "ఏమిటి రుఫీనా, మతిమరుపు వచ్చిందా? నేనైతే నా టమాటాల ఇంటిపేరుతో సహా చెప్తాను!"

మొదటి రోజు పొద్దున ఎవరూ కొనలేదు. పాత ఖాతాదార్లు వచ్చి, చదివి, ఏదో పనున్నట్టు తప్పుకున్నారు. రుఫీనాకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కన కపితలీనా మడత కుర్చీలో నిటారుగా కూర్చుని, దాటిపోయే ప్రతి మనిషినీ పరీక్ష హాల్లో చూసినట్టు చూస్తోంది.

"అలా చూడకే, భయపడి పారిపోతున్నారు" అంది రుఫీనా.

"మోసం చేసినప్పుడు కొన్నారు. నిజం చెప్తే పారిపోతున్నారు. వాళ్లని చూడక ఎవర్ని చూడను?"

మధ్యాహ్నం దాటాక ఒక లావుపాటి మనిషి భార్యతో వచ్చి ఆగాడు. అట్టముక్క పైకి చదివాడు.

"నిజంగా తెలీదా?"

"తెలీదయ్యా. ఆవిరికి పేర్లు చెరిగిపోయాయి. మొక్కకి మాత్రం నాది పూచీ. కాయకి కాదు."

అతను భార్య వైపు తిరిగాడు. "పది కొందాం. నేను పసుపంటాను, నువ్వు ఎరుపు అను. ఓడినవాళ్లు మంచుపడేదాకా గిన్నెలు తోమాలి."

"దాని కోసం పది ఎందుకు, ఇరవై కొను. నీచేత రెండేళ్లు తోమిస్తాను" అంది భార్య.

వాళ్ల నవ్వు విని ఇంకో ఇద్దరు ఆగారు. ఏం జరుగుతోందని మరో నలుగురు ఆగారు. మర్నాటికి బస్సు స్టాండులో ఇదే మాట. రుఫీనా దగ్గర పందెం టమాటాలు దొరుకుతున్నాయట అని. అత్తాకోడళ్లు వచ్చి చెరో అయిదు ఏరుకున్నారు. ఒక కార్యాలయం వాళ్లయితే ముప్ఫై మొక్కలు పట్టుకెళ్లి చీటీలు వేసుకున్నారు. మూడో రోజు సాయంత్రానికి బల్ల ఖాళీ. పక్క బల్ల వెరోనికా, "రేపు నా వాటికీ పేర్లు చింపేయనా?" అని అడిగింది. ఈసారి వెక్కిరింపు లేదు.

అసలు సందడి ఆగస్టులో వచ్చింది. జనం కాయలు చేత పట్టుకుని ఆ రెండు భవనాల మధ్య వాకిట్లోకి రావడం మొదలెట్టారు. "రుఫీనా మత్వేయెవ్నా, ఇదేమిటో చెప్పండి, మా ఆయన ఒప్పుకోవడం లేదు." ఆమె కాయని అరచేతిలో తిప్పి, తొడిమ దగ్గర గీతలు చూసి, వాసన చూసి పేరు చెప్పేది. కపితలీనా పక్కన పాత హాజరుపట్టీ తెరిచి ఎవరింట ఏది కాసిందో రాసుకునేది. లావుపాటి మనిషి కూడా వచ్చాడు. వాళ్ల ఇరవై మొక్కలకీ నల్లరకం కాసింది. ఎరుపూ కాదు, పసుపూ కాదు.

"ఇప్పుడు గిన్నెలెవరు తోమాలి?" అని అడిగాడు దీనంగా.

"ఇద్దరూ కలిసి తోమండి. నాకు నలభై ఏళ్లుగా అదే శిక్ష" అన్నాడు ప్రోఖర్.

వచ్చినవాళ్లు తలా రెండు కాయలు వదిలి వెళ్లేవాళ్లు. ఆ నెలంతా ముగ్గురూ కపితలీనా వంటగదిలో టమాటాలు ముక్కలు కోసి, ఉల్లిపాయా పుల్లమీగడా వేసుకుని రొట్టెతో తిన్నారు. అంతటితో ఆగక పాతిక సీసాలు ఊరగాయ పెట్టారు.

జనవరిలో మళ్లీ గింజలు తీసేటప్పటికి కొత్త గొడవ మొదలైంది. రుఫీనా చంద్రుడి తిథి చూసి గాని గింజ తడపదు. కపితలీనాకి ఒళ్లు మండింది.

"చంద్రుడు ఎంత దూరంలో ఉన్నాడో తెలుసా నీకు? నీ పెరుగు కప్పుతో ఆయనకేం పని?"

"ఆయనకి పనుందో లేదో నాకెందుకే? నాకుంది పని."

చివరికి సగం గింజలు రుఫీనా చెప్పిన రోజున, సగం కపితలీనాకి తోచిన రోజున పోశారు. ఆరు కిటికీల్లో మూడు చంద్రుడివి, మూడు భూగోళానివి. ఏవి ముందు మొలిచాయో ప్రోఖర్‌ని చూసి చెప్పమన్నారు. అతను రెండువైపులా వంగి చూశాడు. ఇద్దరి మొహాలూ చూశాడు. కళ్లజోడు తేవడం మర్చిపోయానని చెప్పి, టీ పెట్టుకోవడానికి వంటగదిలోకి వెళ్లిపోయాడు.